వారానికి ఒక్కటే మాత్ర: ఎముకలు గుల్లబారినప్పుడు ఇచ్చే మందు వేసుకునే పద్ధతి

అలెండ్రోనేట్ 70 మి.గ్రా. మాత్రను పరగడుపున, అన్నీ సరిగ్గా పాటించి మింగినా, ఒంటికి పట్టేది అర మిల్లీగ్రాము కూడా ఉండదు. నూటికి ఒక వంతు కన్నా తక్కువ. మిగతాదంతా పేగుల్లోంచి అలాగే బయటికి పోతుంది. ఆ కాస్త మందే వారం పొడవునా ఎముకను కాపాడాలి. మాత్రను కాఫీతో వేసుకుంటే ఆ కాస్తలోనూ సగానికి పైగా పోతుంది. టిఫిన్‌తో కలిపి వేసుకుంటే ఇక ఏమీ మిగలనట్టే. ఏడాది పాటు మందు వాడినా ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్‌లో మార్పు కనపడకపోతే, మందు మార్చే ముందు తేల్చుకోవాల్సింది ఆ మాత్రను రోజూ తాగే కాఫీకి ఎంత ముందు, దేనితో మింగుతున్నారన్నదే.

ఇంకో సంగతి కూడా ఉంది. ఈ మాత్ర కడుపులోకి జారిపోవాలి గానీ దారిలో ఆగకూడదు. గొంతు నుంచి కడుపుకు వెళ్లే అన్నవాహికలో అతుక్కుంటే ఆ గోడను కాల్చి పుండు చేస్తుంది. కింద చెప్పే నియమాలన్నీ ఈ రెండు కారణాల నుంచి పుట్టినవే: మందు పట్టాలి, దారిలో కాల్చకూడదు.

మీ చేతిలో ఉన్నది ఆ మందేనా?

స్ట్రిప్ వెనక మందు అసలు పేరు చదవండి. వారానికి ఒకసారి వేసుకునేవి ముఖ్యంగా రెండు: అలెండ్రోనేట్ 70 మి.గ్రా., రైసెడ్రోనేట్ 35 మి.గ్రా. ఇబాండ్రోనేట్ 150 మి.గ్రా. అని ఉంటే అది నెలకు ఒక్కటి. అలెండ్రోనేట్‌లోనే రోజూ వేసుకునే 10 మి.గ్రా. మాత్ర కూడా ఉంది కాబట్టి, పేరు ఒకటేనని ఊరుకోకుండా అంకె కూడా చూసుకోవాలి. వారం మాత్రల స్ట్రిప్‌లో మామూలుగా నాలుగే ఉంటాయి. నాలుగు మాత్రలంటే నాలుగు వారాలు, అంటే 28 రోజులు. ఏడాదికి 13 స్ట్రిప్‌లు కావాలి. నెలకొకటి చొప్పున 12 కొనుక్కుని సరిపెట్టుకుంటే ఏటా ఒక నెల మందు ఎగిరిపోయినట్టే.

మన దగ్గర "ఎముకలు అరిగిపోయాయి" అన్న మాటను రెండు వేర్వేరు జబ్బులకు వాడేస్తాం. మోకాలిలో గుజ్జు అరిగి నొప్పి రావడం ఒక జబ్బు. ఎముక లోపల గుల్లబారి, చిన్నగా జారిపడినా మణికట్టో, తుంటో, వెన్నుపూసో విరగడం ఇంకో జబ్బు. ఈ మాత్ర రెండోదానికి. ఇది నొప్పి మాత్ర కాదు. వేసుకున్న మర్నాడు మోకాళ్ల నొప్పి తగ్గలేదని మానేసేవాళ్లు చాలామంది ఉంటారు. అసలు దాని పని నొప్పి తగ్గించడం కాదు, విరగకుండా చూడటం. విరగకపోవడం కంటికి కనపడదు, అందుకే ఓపిక కావాలి.

మొదలుపెట్టే ముందు

రక్తపరీక్షలో మూడు చూపించుకోండి: క్యాల్షియం, విటమిన్ డి, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్. క్యాల్షియం తక్కువగా ఉండగా ఈ మందు మొదలుపెడితే అది ఇంకా పడిపోయి పెదాలు, వేళ్లు తిమ్మిరెక్కుతాయి, కండరాలు కొంకర్లు పోతాయి. ముందు దాన్ని సరిచేసుకున్నాకే మాత్ర. కిడ్నీల వడపోత నిమిషానికి 35 మి.లీ. కన్నా తక్కువ ఉంటే అలెండ్రోనేట్ ఇవ్వరు, రైసెడ్రోనేట్‌కి ఆ హద్దు 30. క్రియాటినిన్ అంకె ఒక్కటే చూసి "బానే ఉంది" అనుకోవద్దు. 75 ఏళ్ల సన్నటి మనిషికి మామూలుగా కనిపించే అంకె వెనక వడపోత బాగా తగ్గిపోయి ఉండొచ్చు. వయసు కూడా లెక్కలోకి తీసుకుని వడపోత ఎంతో చెప్పమని అడగండి.

ముద్ద దిగక అడ్డం పడేవాళ్లు, అన్నవాహిక సన్నబడిందని ఎండోస్కోపీలో తేలినవాళ్లు, అరగంట పాటు నిటారుగా కూర్చోలేనివాళ్లు ఈ మాత్ర వేసుకోకూడదు. తుంటి విరిగి మంచంలో ఉన్న నాన్నమ్మకు దిండు ఎత్తుపెట్టి వేసేయడం ఎంతమాత్రం పనికిరాదు. అలాంటివాళ్లకు ఏడాదికి ఒకసారి సెలైన్‌లా ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్ 5 మి.గ్రా. ఉంది. దానికీ కిడ్నీ పరీక్ష తప్పదు.

కదిలే పళ్లు, పుచ్చిపోయిన పళ్లు ఉంటే పీకించుకోవడం, చిగుళ్లకు వైద్యం చేయించుకోవడం మందుకు ముందే అయిపోతే మంచిది. ఎందుకో కింద చెబుతాం.

ఉమ్మడి నల్గొండ, ప్రకాశం జిల్లాల్లో ఫ్లోరైడ్ నీళ్లు ఏళ్ల తరబడి తాగినవాళ్లు ఆ సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పాలి. ఫ్లోరైడ్ పట్టిన ఎముక డెక్సా స్కాన్‌లో గట్టిగా ఉన్నట్టు కనిపిస్తుంది, కానీ లోపల పెళుసు. స్కాన్ అంకె ఒక్కటే చూస్తే మోసపోతాం.

వారంలో ఏ రోజు?

మీకు హడావిడి లేని రోజును ఎంచుకోండి, కానీ సెలవు రోజని ఆదివారం పెట్టుకునే ముందు ఒకసారి ఆలోచించండి. ఆదివారం పొద్దున్నే చుట్టాలు రావడం, ఆలస్యంగా లేవడం, లేవగానే అందరితో కలిసి కాఫీ తాగడం మీ ఇంట్లో మామూలైతే ఆ రోజు వద్దు. మంచినీళ్లు కూడా ముట్టని ఉపవాసం ఉండే రోజూ వద్దు. బుధవారమో గురువారమో నయం. పిల్లలు అమెరికాలో ఉండి వారం వారం ఫోన్ చేసే ఇళ్లలో మాత్రం ఆదివారం బాగా కుదురుతుంది: అక్కడ శనివారం రాత్రి, ఇక్కడ ఆదివారం తెల్లవారుజాము. "అమ్మా, మాత్ర వేసుకున్నావా?" అన్న ఒక్క మాట మరుపును ఆపుతుంది.

గోడ మీది క్యాలెండర్‌లో ఆ రోజు వచ్చే గళ్లన్నిటికీ నెల మొదట్లోనే పెన్నుతో సున్నా చుట్టండి. మాత్ర మింగాక ఆ సున్నాలో అడ్డగీత కొట్టండి. గీత మింగాకే కొట్టాలి. ముందే కొట్టి పెట్టుకుంటే వేసుకున్నామా లేదా అన్న అనుమానం మళ్లీ మొదలవుతుంది. స్ట్రిప్ మీద కూడా మార్కర్‌తో పెద్దక్షరాల్లో "గురువారం మాత్రమే" అని రాసి, రోజువారీ మాత్రల డబ్బాలో కాకుండా వేరే చోట పెట్టండి.

ఆ రోజు పొద్దున

1. లేచి పళ్లు తోముకుని నోరు పుక్కిలించండి. అంతకుమించి నోట్లో ఏదీ పడకూడదు. కాఫీ, టీలే కాదు, నిమ్మరసం తేనె కలిపిన వేడినీళ్లు, మెంతుల నీళ్లు, రాగిచెంబు నీళ్లు, తీర్థం కూడా ఆ రోజుకు మాత్ర తర్వాతే. తమలపాకు వేసుకునే అలవాటున్న పెద్దవాళ్లు ఇది గట్టిగా గుర్తుపెట్టుకోవాలి: ఆకుకు రాసే సున్నమంతా క్యాల్షియమే. క్యాల్షియం ఈ మందును పట్టేసి పేగుల్లోంచి లోపలికి పోనివ్వదు.

2. పెద్ద గ్లాసుతో మంచినీళ్లు తీసుకోండి, 200 మి.లీ.కి తగ్గకుండా. కాఫీ తాగే చిన్న గ్లాసు చాలదు, భోజనం దగ్గర పెట్టుకునే స్టీలు గ్లాసు కావాలి. ఒకసారి మందు సీసా మూతతోనో కొలగ్లాసుతోనో మీ గ్లాసులో ఎన్ని పడతాయో కొలిచి చూసుకుంటే ఇక సందేహం ఉండదు. నీళ్లు మామూలు తాగునీళ్లు, ఫిల్టరువి గానీ క్యాన్‌వి గానీ. సబ్బు నురగ రాని ఉప్పటి బోరు నీళ్లలో క్యాల్షియం, మెగ్నీషియం ఎక్కువ, అవి వద్దు. సోడా, పాలు, పండ్ల రసం, మజ్జిగ, కొబ్బరినీళ్లు ఏవీ పనికిరావు. గుండె జబ్బుకో కిడ్నీ జబ్బుకో నీళ్లు కొలిచి తాగమన్నవాళ్లు ఈ గ్లాసును ఆ రోజు లెక్కలో కలుపుకోవాలి, మాత్రకు తగ్గించకూడదు.

3. కుర్చీలో వీపు నిటారుగా పెట్టి కూర్చోండి, లేదా నిలబడండి. మంచం అంచున వంగి కూర్చుని వేసుకోవద్దు. ముందు ఒక గుక్క తాగి గొంతు తడుపుకోండి. మాత్ర నాలుక మీద పెట్టుకుని రెండు మూడు పెద్ద గుక్కలతో మింగేయండి. మిగిలిన నీళ్లన్నీ తాగేయండి. సగం గ్లాసుతో ఆపితే మాత్ర గొంతు దాటినట్టే ఉంటుంది గానీ కింద ఛాతీ దగ్గర నిలిచిపోవచ్చు. ఆ రెండో సగం నీళ్లే దాన్ని కడుపులోకి దింపుతాయి.

4. మాత్రను కొరకొద్దు, చప్పరించొద్దు, విరగ్గొట్టొద్దు, పొడి చేసి నీళ్లలో కలపొద్దు. నోట్లో కరిగితే నోరు, గొంతు పుళ్లు పడతాయి. మాత్ర పెద్దదిగా ఉంది మింగలేనంటే ఇంట్లో పొడి చేయడం పరిష్కారం కాదు, డాక్టరుకు చెప్పి మందు మార్పించుకోవాలి.

5. గడియారం చూసుకోండి. 6 గంటలకు మింగితే 6:30 వరకు ఏమీ తినొద్దు, నీళ్లు తప్ప ఏమీ తాగొద్దు, వేరే మాత్ర వేసుకోవద్దు. దాహమైతే మామూలు నీళ్లు తాగొచ్చు. నెలకొకటి వేసుకునే ఇబాండ్రోనేట్‌కి అయితే అరగంట చాలదు, గంట ఆగాలి.

6. ఆ అరగంట పడుకోకూడదు, కునుకు కూడా తీయకూడదు. వాకిట్లో నడవండి, మొక్కలకు నీళ్లు పోయండి, పేపరు చదవండి. ముగ్గు పెట్టడం, ఇల్లు ఊడవడం, యోగాలో ముందుకు వంగే ఆసనాలు కాసేపు ఆపండి. వంగితే కడుపులోది పైకి తన్నుతుంది. గుల్లబారిన వెన్నుపూసలకు నడుము వంచే పనులు ఎలాగూ మంచివి కావు.

7. అరగంట దాటాక టిఫిన్. ఏదైనా తిన్నాకే నడుం వాల్చాలి. అరగంట అయింది కదా అని ఏమీ తినకుండా పడుకోకూడదు. ఇంకో అరగంట ఆగగలిగితే మందు ఇంకాస్త పడుతుంది, కాకపోతే షుగరు ఉన్నవాళ్లు అలా సాగదీయకూడదు. మొదట ఇడ్లీయో ఉప్మాయో తిని, పాలు, రాగి జావ తర్వాత వేళకు ఉంచుకుంటే మేలు. 100 గ్రాముల రాగుల్లో 350 మి.గ్రా. దాకా క్యాల్షియం ఉంటుంది. ఎముకకు అది కావాల్సిందే, కానీ మాత్ర వెంటనే కాదు.

రాత్రి పడుకునే ముందు వేసుకుంటే గుర్తుంటుందని కొందరు సమయం మార్చుకుంటారు. ఈ మందుతో అంతకన్నా ప్రమాదకరమైన అలవాటు లేదు. కడుపు నిండా అన్నం ఉంటుంది కాబట్టి మందు పట్టదు, పడుకుంటారు కాబట్టి అన్నవాహిక కాలుతుంది.

రంజాన్ నెలలో ఉపవాసం ఉండేవాళ్లు తెల్లవారకముందు తినే సహరీకి ముప్పావుగంట ముందే లేచి మాత్ర వేసుకుని, అరగంట నిటారుగా ఉండి, ఆ తర్వాత సహరీ తినొచ్చు. ముందు రాత్రి పొద్దుపోయాక ఏమీ తినకుండా కడుపు ఖాళీగా ఉంచుకోవాలి.

మిగతా మాత్రలతో పేచీ

అరవై దాటినవాళ్లకు పరగడుపు మాత్రలు ఒకటికి రెండు ఉంటాయి, చిక్కంతా అక్కడే. ఆ ఒక్క రోజు అన్నిటికన్నా ముందు ఎముకల మాత్ర. అరగంట ఆగి థైరాయిడ్ మాత్ర, ఆపైన ఇంకో అరగంట నుంచి గంట ఆగి టిఫిన్. గ్యాస్ మాత్ర, బీపీ మాత్ర కూడా ఆ అరగంట తర్వాతే. ఈ వరుసను మీ డాక్టరుకు ఒకసారి చూపించి ఖాయం చేసుకోండి. టిఫిన్‌కు ముందు వేసుకునే షుగరు మాత్ర, ఇన్సులిన్ ఉన్నవాళ్లు అరగంట గడిచి, కంచం ముందుకు వచ్చాకే తీసుకోవాలి. ముందే తీసుకుని అరగంట ఖాళీ కడుపుతో కూర్చుంటే షుగరు పడిపోయి కళ్లు తిరుగుతాయి. కళ్లు తిరిగితే పడతారు, మనం ఆపాలనుకున్నదే అది.

క్యాల్షియం, ఐరన్ మాత్రలు, తెల్లటి గ్యాస్ సిరప్ ఆ రోజు మధ్యాహ్నం భోజనం తర్వాతకో రాత్రికో జరపండి. నొప్పి మాత్రలు తరచుగా వాడితే కడుపు, అన్నవాహిక రెండూ దెబ్బతింటాయి, ఈ మాత్రతో ఆ ముప్పు ఇంకా పెరుగుతుంది. వాడుతుంటే దాచకుండా చెప్పండి.

ఇక అన్నిటికన్నా ఎక్కువగా జరిగే పొరపాటు. ఒకే చీటీలో 60,000 యూనిట్ల విటమిన్ డి వారానికి ఒకటి, ఎముకల మాత్ర వారానికి ఒకటి, క్యాల్షియం రోజుకు ఒకటి రాసి ఉంటాయి. ఇంటికొచ్చాక అవి తారుమారవుతాయి. వారానివి రెండూ కలిసి ఒకేసారి పాలతో దిగుతాయి, ఎముకల మాత్ర వృథా అవుతుంది. లేదంటే క్యాల్షియం వారానికీ, వారం మాత్ర రోజుకూ మారిపోతాయి. విటమిన్ డి నూనెలో కరిగేది, భోజనంతోనో పాలతోనో వేసుకోవాలి. ఎముకల మాత్ర సరిగ్గా దానికి తలకిందులు. అందుకే రెండింటికీ వారంలో వేర్వేరు రోజులు పెట్టండి: గురువారం పొద్దున ఇది, ఆదివారం మధ్యాహ్నం భోజనం తర్వాత అది.

కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వాడేవాళ్ల ఇంట్లో ఇంకా జాగ్రత్త కావాలి. అదీ చాలామందికి వారానికి ఒకసారే, స్టెరాయిడ్లు వాడినందువల్ల ఎముకల మాత్రా వాళ్లకు తరచుగా రాస్తారు. మెథోట్రెక్సేట్‌ను పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. రెండు స్ట్రిప్‌లనూ ఒకే కవర్లో ఉంచొద్దు.

మరిచిపోతే, ఎక్కువ వేసుకుంటే

గురువారం మరిచిపోయి ఆ రోజు మధ్యాహ్నం గుర్తొచ్చిందనుకోండి, అప్పుడు వేసుకోవద్దు. శుక్రవారం పొద్దున పరగడుపున వేసుకుని, వచ్చే వారం మళ్లీ గురువారానికే వచ్చేయండి. ఒకే రోజు రెండు మాత్రలు ఎప్పుడూ వద్దు. వేసుకున్నానో లేదో తెలియట్లేదంటే స్ట్రిప్‌లో మాత్రలు లెక్కపెట్టండి.

పొరపాటున రెండు మూడు ఒకేసారి మింగేస్తే వెంటనే ఒక గ్లాసు పాలు తాగండి, అందులోని క్యాల్షియం మందును కొంత పట్టేస్తుంది. వేలు పెట్టి వాంతి చేసుకోవద్దు, పైకి వస్తూ మళ్లీ కాలుస్తుంది. పడుకోకుండా, స్ట్రిప్ చేతబట్టుకుని ఆసుపత్రికి వెళ్లండి.

ఎప్పుడు ఆపాలి

మొదటి ఒకటి రెండు మాత్రలప్పుడు ఒళ్లు నొప్పులు, కొద్దిపాటి జ్వరం వచ్చి తగ్గిపోవచ్చు, దానికి భయపడనక్కర్లేదు. కానీ మింగుతుంటే నొప్పి, ముద్ద అడ్డం పడటం, ఛాతీ మధ్యలో కొత్తగా మంట మొదలైతే తర్వాతి మాత్ర వేసుకోకుండా డాక్టరును కలవండి. ఛాతీ నొప్పి చెమటలతోనో ఆయాసంతోనో వస్తే అది మాత్ర వల్లే అనుకుని ఇంట్లో కూర్చోవద్దు, గుండె కోసం వెంటనే చూపించాలి. నల్లగా తారులా విరేచనం అయినా ఆలస్యం చేయొద్దు.

ఏళ్ల తరబడి వాడినవాళ్లలో అరుదుగా రెండు ఇబ్బందులు వస్తాయి. ఒకటి దవడది. పన్ను పీకిన చోట పుండు మానక, ఎముక బయటపడి వారాల తరబడి అలాగే ఉండిపోతుంది. అందుకే పళ్ల డాక్టరు కుర్చీలో కూర్చోగానే ముందు ఈ మందు పేరు చెప్పాలి. తోమడం, క్లీనింగ్, రూట్ కెనాల్ మామూలుగా చేయించుకోవచ్చు. పీకడం, ఇంప్లాంట్ అంటే మాత్రం ఇద్దరు డాక్టర్లూ మాట్లాడుకోవాలి.

రెండోది తొడది. దెబ్బేమీ తగలకుండానే తొడలోనో గజ్జల్లోనో సన్నటి నొప్పి వారాల తరబడి సలుపుతూ ఉంటే అశ్రద్ధ చేయొద్దు. తొడ ఎముకకు అడ్డంగా సన్నని పగులు మొదలై ఉండొచ్చు. రెండు తొడలకూ ఎక్స్‌రే తీయించాలి, ఎందుకంటే ఒకవైపు వచ్చినవాళ్లకు రెండోవైపూ రావచ్చు. ఆసియా స్త్రీలలో ఇది కాస్త ఎక్కువని అధ్యయనాల్లో తేలింది. అయినా మొదటి కొన్నేళ్లలో ఈ మందు ఆపే తుంటి, వెన్ను విరుగుళ్లతో పోలిస్తే ఇది చాలా అరుదు. ఈ భయంతో మందు మొదలుపెట్టకపోవడం తప్పు లెక్క.

ఎన్నాళ్లు

మామూలుగా ఐదేళ్లకు డాక్టరు లెక్క చూస్తారు: ఈ మధ్య ఏదైనా విరిగిందా, తుంటి దగ్గర టి-స్కోరు (ఎముక ఎంత గట్టిగా ఉందో స్కాన్‌లో చెప్పే అంకె) ఎంత, స్టెరాయిడ్లు వాడుతున్నారా అని. ముప్పు తక్కువగా ఉంటే కొన్నేళ్లు విరామం ఇస్తారు. ఈ మందు ఎముకలో చేరి ఏళ్ల తరబడి నిలిచి ఉంటుంది కాబట్టి ఆపిన వెంటనే రక్షణ పోదు. వెన్నుపూసలు ఇప్పటికే విరిగినవాళ్లకు పదేళ్ల దాకా కొనసాగించవచ్చు. విరామమంటే వదిలేయడం కాదు, క్యాల్షియం, విటమిన్ డి, నడక, రెండు మూడేళ్లకోసారి స్కాన్ అలాగే ఉంటాయి. నెలసరి ఆగిన స్త్రీలకు తిండితో కలిపి రోజుకు 1,200 మి.గ్రా. క్యాల్షియం కావాలి.

మాత్ర పడక ఆరు నెలలకోసారి చర్మం కింద వేసే డెనోసుమాబ్ ఇంజెక్షన్‌కు మారినవాళ్లకు ఈ విరామం లెక్క వర్తించదు. అది ఎముకలో నిలవదు. ఒక డోసు కొన్ని నెలలు ఆలస్యమైనా ఎముక వేగంగా కరిగి, వెన్నుపూసలు ఒకేసారి రెండు మూడు విరిగిన సందర్భాలున్నాయి. దాన్ని ఆపాలంటే బదులుగా ఏ మందు మొదలుపెట్టాలో డాక్టరుతో ముందే నిర్ణయించుకుని, తర్వాతి ఇంజెక్షన్ తేదీ దాటకముందే అది మొదలుపెట్టాలి.